నాము మొలిచిన చేను

మొన్న మధ్యాహ్నం మా తమ్ముడి కొడుకు ఊరి నుంచి ఫోను చేశాడు. మంచీచెడూ అయ్యాక, ఏదో వేడుక చెబుతున్నట్టు, "అత్తా, మన బర్రెకు నాము తగిలింది. రోంత చినుకు పడి జొన్నదుబ్బులు మల్లా పచ్చగయినాయి గదా, కట్టు తెంచుకొని పోయి మేసింది. డాక్టరు బండేసుకొని వచ్చి సూది పొడిచినాడు. సందేళకల్లా లేచి కుడితి తాగింది" అన్నాడు. వాడు నవ్వుతూనే చెప్పాడు. "లైన్లో ఉండావా అత్తా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, సిగ్నలు పోయిందనుకొని పెట్టేశాడు. నేను ఫోను ఒళ్ళో పెట్టుకొని అలాగే కూర్చుండిపోయాను. ఒంగోలులో మేడ మీద, జొన్నచేను కనుచూపు మేరలో లేని చోట, ఇంత వయసులో, నాకు ఆ పాత భయమే వేసింది. బర్రె బతికిందని వాడు అంత స్పష్టంగా చెప్పినా, మళ్ళీ ఫోను చేసి అది నిలబడే ఉందా అని అడిగాను.

నాము అంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు చెప్పాలి. వాన చాలక గిడసబారిపోయిన జొన్న ఉంటుంది చూడండి, దాని దుబ్బుల మీద ఒక చిన్న జల్లు పడితే మళ్ళీ పిలకలు వేస్తుంది. ఆ పిలకల్లో విషం ఉంటుంది. అదే నాము. మంచి వానలకు ఏపుగా పెరిగి కంకి వేసిన జొన్నలో అది ఉండదు, కోసి ఆరబెట్టిన చొప్పలో ఉండదు. కరువులో పుట్టిన పచ్చదనంలోనే ఉంటుంది. పశువు కడుపునిండా మేసిందంటే సూర్యుడు జానెడు కదిలే లోపల పడిపోతుంది. మా వైపు పిల్లలకు మంట కాలుతుందని, తేలు కుడుతుందని తెలిసే వయసులోనే ఇదీ తెలుస్తుంది. అయినా ఒక ఏడాది మా ఇంట్లోకి అది వచ్చింది. ఇన్ని పుస్తకాలు రాశాను గానీ దాని గురించి ఎప్పుడూ రాయలేదు. రాస్తే నాయన గుర్తొస్తాడు, ఆయన చేతులు గుర్తొస్తాయి. ఆ చేతులంటే నాకు బెంగ.

మా ఊరు మార్కాపురం నుంచి యర్రగొండపాలెం పోయే దారిలో ఉండేది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, దాని పైన మదరాసు సర్కారు. మదరాసులో ఏం జరిగేదో మాకు తెలియదు, మా దగ్గర ఏం జరుగుతోందో మదరాసుకూ తెలిసినట్టు లేదు. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న తల్లి మా జేజి, నేను, చంకలో తమ్ముడు. ఇసుకా రాళ్ళూ కలిసిన గరపనేల కొంత, నల్లరేగడి ఒక చెక్క. రేగడిచెక్కలో వేసే జొన్నే మాకు కూడు. గరపనేలలో సజ్జో వరిగో పడితే అది పండగ. బావి లేదు, కాలువ లేదు. మొగులు చూసుకొని బతకడమే. జేజి పొద్దున్నే వాకిట్లోకి వచ్చి, వేలు తడిచేసి పైకెత్తి గాలి ఎటునుంచి వస్తోందో చూసేది. ఆరుద్ర కురిసిందా, మఖ ఏం చేసింది, పుబ్బ మోసం చేసిందా అని కార్తెలన్నీ వల్లించేది. ఆ తర్వాతే మోకరించి ప్రార్థన. ఆమె ప్రార్థన వేడుకున్నట్టు ఉండదు, పుట్టింటి నుంచి ఆలస్యంగా వచ్చిన కోడలిని నిలదీసినట్టు ఉంటుంది. "కార్తెలు మనకెందుకమ్మా, అవి లోకులవి" అని మా చర్చిలో ప్రార్థన చేయించే ఉపదేశి అయ్యగారు ఒకసారి మందలిస్తే, "కార్తెలు చేసింది యెవురు అయ్యగారూ? ఆయన కాదా?" అని ఎదురడిగింది. పాపం, అయ్యగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ ఏడాది ఆరుద్ర కురవలేదు, మఖ కురవలేదు. ఉత్తర కార్తెలో ఒక్క పదును వాన పడింది. ఊరంతా విత్తనపు గొర్లు కట్టి విత్తేసింది. తర్వాత ఆకాశం మూత పెట్టుకుంది. జొన్న మోకాలెత్తు లేచి అక్కడే నిలబడిపోయింది. ఆకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి. నేల నెరియలు విచ్చి, నా కాలు అందులో ఇరుక్కునేది. కంకి రాదని తేలిపోయాక నాయన ఆ ఎండుపుల్లను కోసి ఇంటికి చేర్చాడు. అది కొన్నాళ్ళకే అయిపోయింది. అటు తర్వాత వంటింటి కప్పు మీది బోదగడ్డి దించి ఎద్దులకు వేశాడు. నల్లగా, పొగచూరి, చేదుగా ఉండే ఆ గడ్డిని అవి నమలలేక నమలలేక నమిలేవి. అమ్మ కప్పు లేని వంటింట్లో, నెత్తిన కొంగు కప్పుకొని, ఎండలో పొయ్యి ముట్టించేది. వాగు ఒడ్డున నాగజెముడు ఉండేది. దాని మట్టలు కోసుకొచ్చి, ముళ్ళు మాడేటట్టు మంట మీద తిప్పి, ముక్కలు చేసి ఎద్దుల గాడిలో పోసేది. కాలిన వెంట్రుకల వాసన, దాని కింద పచ్చి దోసకాయ వాసన. ఈ నాటికీ ఎక్కడైనా వెంట్రుక కాలిందంటే నాకు ఆకలేస్తుంది, దిగులు కూడా వేస్తుంది. సాయంత్రం జేజి అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని సూదితో ముళ్ళు తీసేది. మేము జావలాంటి గంజి, అందులోకి చెంచలాకు తినేవాళ్ళం. చెంచలాకూ అయిపోయాక బలుసాకు. బతికుంటే బలుసాకు తినవచ్చని ఊరికే అన్నారా!

మాకు ఆకలి కంటే భయం ఎక్కువ. ఎద్దుల భయం. కర్రోడు వలపలెద్దు, అంటే కాడికి కుడిపక్క కట్టేది. మైలోడు దాపలెద్దు, ఎడమపక్కది. అవి ఉంటే మంచి వాన పడినరోజు విత్తనం వేసుకుంటాం. లేకపోతే ఊరు విడిచి కృష్ణ కాలువల వైపు కూలికి పోవాలి. మా వీధిలో ఒక ఇల్లు అప్పటికే మూతపడింది. వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకొని నడిచి వెళ్ళారు, ఏ కబురూ రాలేదు. మాకు నడకా కుదరదు, జేజి మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. ఎద్దులుంటేనే బండి, బండి ఉంటేనే జేజి. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు, పెద్దవాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటుంటే నిద్రపోతున్నట్టు పడుకొని విన్నాను. అప్పటి నుంచి పొద్దున లేవగానే మొదట కొట్టం వైపు చూసేదాన్ని, రెండూ నిలబడి ఉన్నాయా అని.

ఇంకో భయం ఖాదర్ మామ బండి. ఆయన మార్కాపురం నుంచి తోళ్ళు కొనడానికి వచ్చేవాడు. ఊరూరా చచ్చిన గొడ్ల తోళ్ళు తీసుకొని, ఉప్పు చల్లి, మడతలు పెట్టి, ఒంటెద్దు బండిలో వేసుకుపోయేవాడు. సన్నని మనిషి, మెత్తని మాట. నాయనను బావా అని, నన్ను అమ్మీ అని పిలిచేవాడు. మంచి ఏడాదుల్లో ఆయన బండి ఖాళీగా ఉండేది, నేను ఎక్కి కూర్చునేదాన్ని కూడా. ఆ ఏడాది బండి నిండుగా వచ్చేది. దాని వాసన ఊరి మొదట్లోనే తెలిసేది. నాయన ఎదురుపోయి "ఏంది ఖాదరూ, ఎట్లుండాది?" అని అడిగేవాడు, ఆయన ముఖం చూడకుండా బండి వైపు చూస్తూ. "యేం చెప్పేది బావా. పొదిలి దిక్కు సజ్జ పాలు పోసుకోకముందే మాడిపాయ. కనిగిరిలో వరిగ గూడా మొలవలేదు. గిద్దలూరు దిక్కు బావుల్లో బురద తోడుకుంటుండారు. కడప, బళ్ళారి, యాడ జూసినా ఇదేనంట, రైల్లో వచ్చేటోళ్ళు చెప్తుండారు" అనేవాడాయన. దేశం ఎంత ఎండిపోయిందో మాకు ఆ బండి చెప్పేది. దూరంగా దాని చప్పుడు వినిపిస్తే నేను కొట్టంలోకి పరిగెత్తి, ఎద్దులు ఆయనకు కనబడకుండా తడిక అడ్డం పెట్టేదాన్ని. చూస్తే తీసుకుపోతాడని నా నమ్మకం.

చలికాలం పోతూ పోతూ ఒక జల్లు రాలింది. మట్టి వాసన వచ్చింది గానీ తడి వేలెడు లోతు కూడా దిగలేదు. ఉపదేశి అయ్యగారు గంట కొట్టించి కృతజ్ఞత ప్రార్థన పెట్టించారు. వారం తిరిగేసరికి జొన్నదుబ్బులు పిలకలేసి రేగడిచెక్కంతా పచ్చబడింది. ఆ రోజుల్లో పంటను అణాల్లో కొలిచేవాళ్ళు, నిండు పంటైతే పదహారణాలు, అణాలు బాగా తగ్గితేనే శిస్తు మాఫీ. పంట చూడటానికి గుర్రం మీద వచ్చిన రెవెన్యూ ఆయన బాట మీదనే ఆగి, గొడుగు కింది నుంచి చూసి, "పచ్చగానే ఉందే! ఆరణాలకు తక్కువ లేదు" అన్నాడు. "ఆ ఆరణాలు ఆయన గుర్రాన్నే మేయమనండి" అని జేజి కొంగు చాటున గొణిగింది. మేము నవ్వాం. ఆ ఏడాది మా ఇంట్లో నవ్విన నవ్వు అదే అనుకుంటాను.

పచ్చ కనిపించిన దగ్గర్నుంచి ఎద్దులు కుదురుగా లేవు. గాలి అటునుంచి వీస్తే చాలు, ముక్కులు ఎగబీల్చి తాళ్ళు గుంజేవి. పక్కటెముకల మధ్య నా వేలు దూరేది. ఒక పొద్దున కర్రోడు లేవలేకపోయింది. నాయనా అమ్మా చెరో పక్క పట్టి ఎత్తి నిలబెట్టారు. అది నిలబడ్డాక నాయన దాని మెడ మీద చెయ్యి వేసి చేను వైపు చూశాడు. తర్వాత మా మేకను విప్పాడు. అదొక్కటే ఉండేది మాకు. దాన్ని తీసుకుపోయి చేలో పొడుగుతాడుతో కట్టి, గట్టు మీద తానే కాపలా కూర్చున్నాడు. మేక తిని బతికితే ఎద్దుకూ ఏం కాదని ఆయన లెక్క. ఎవరూ నేర్పిన పద్ధతి కాదు. ఆశ పుట్టించిన పద్ధతి.

మధ్యాహ్నమయినా మేక నిక్షేపంగా ఉంది. తోక ఆడిస్తూ, అరుస్తూ, గట్టెక్కి దూకుతూ ఉంది. నాయన ఇంటికి వచ్చి ఎద్దులను విప్పుతుంటే జేజి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"వద్దురా నాయనా. మేక యేరుకొని తింటాది. ఈ పరక కొరికి, ఆ కలుపాకు కొరికి పోతాది. ఎద్దు అట్ల గాదు, నాలిక చుట్టి గుంజుకుంటాది. నాము మెయ్యనీబాక."

"ఇంగ రెండు దినాలు ఇట్లనే ఉంటే నేను లేపినా లెయ్యవు అమ్మా. అప్పుడు ఏం జేసేది?"

"ఇంకో వాన పడనీరా."

"పడకపోతే?"

జేజి వేలు తడిచేసి పైకెత్తి చూసింది. కార్తెలన్నీ తెలిసిన మనిషి, ఆ వేలు దించుకుంది. పక్కకు జరిగింది. నేను ఆమె ముఖం చూసి ఏడుపు లంకించుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకొని నాయన వెనక నడిచింది.

ఎద్దులు చేలో మూతి పెట్టగానే ఒక చప్పుడు వచ్చింది, పచ్చిగడ్డిని పరపరా తెంపే చప్పుడు. ఎన్ని నెలలయిందో అది విని! నాయన ముఖం విప్పారింది. "కొంచమే తిననిచ్చి తోలుకొస్తా" అన్నాడు అమ్మతో. కొంచెం అనేది ఆకలిగొన్న ఎద్దుకు ఎట్లా తెలుస్తుంది? కర్రోడు ముందుకు ముందుకు పోయింది. నాయన ముకుతాడు పట్టి గుంజితే తల విదిలించింది. అంతలోనే ఆగిపోయింది. తినడం మాని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఏదో విన్నట్టు నిలబడింది. ఒళ్ళంతా జలదరించింది. ముందుకాళ్ళు మడతపడి కూలిపోయింది. నోట్లో నురగ, పళ్ళ సందుల్లో నమలని పచ్చి పరకలు. ఊపిరి కోసం అది తీసిన శబ్దం నేను ఇక్కడ రాయలేను. అమ్మ కేక పెట్టి మైలోడిని ఈడ్చుకొని గట్టు మీదికి లాగింది. అది అక్కడ తూలి కూలబడింది. నాయన రెండింటి మధ్యా అటూ ఇటూ పరిగెత్తాడు. ఎవరి దగ్గర నిలవాలో ఆయనకు తెలియలేదు.

సరిగ్గా అప్పుడే బాట మీద బండి చప్పుడు. ఖాదర్ మామ. నాయన ఒక మట్టిపెడ్డ తీసి ఆయన మీదికి విసిరాడు. "వాసనొచ్చెనా నీకు? ఇంగా పానం పోలా! పో! నా చేనికాడ నిలబడబాక!" అని గొంతు పగిలేటట్టు అరిచాడు. నాయన అంత మాట ఎవరినీ అనగా నేను వినలేదు. పెడ్డ బండిచక్రానికి తగిలి చిట్లింది. ఖాదర్ మామ బండి దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "బెల్లం ఉండాదా బావా, బెల్లం?" అన్నాడు. నాముకు బెల్లంనీళ్ళు విరుగుడంటారు, కానీ గంజిలో ఉప్పే కరువైన ఇంట్లో బెల్లం ఎక్కడిది! ఆయన మళ్ళీ బండి దగ్గరికి పోయి తన సద్దిమూటలోంచి బెల్లంగడ్డ తెచ్చాడు. చిన్న కూతురు అడిగిందని ఇంటికి తీసుకుపోతున్నదట, ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. రాయితో చితగ్గొట్టి, నీళ్ళలో కలిపి, వెదురుగొట్టంలో పోసి, మొదట కర్రోడి దగ్గరికే పోయాడు. దాని కన్ను మీద చెయ్యి పెట్టి చూసి, లేచి, ఏమీ అనకుండా మైలోడి దగ్గరికి వచ్చాడు. నాయన తల ఎత్తి పట్టుకుంటే ఆయన గొట్టం నోట్లో పెట్టి పోశాడు. మళ్ళీ పోశాడు. సగం కారిపోయింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ దానికి చెరోపక్కన కూర్చొని కడుపు రుద్దుతూనే ఉన్నారు. అమ్మ నన్ను కొంగులో కప్పుకొని, "ప్రభువా, ఇదొక్కటన్నా" అని అదే మాట తిప్పి తిప్పి అంటూ ఉంది. చీకటి పడేముందు మైలోడు చెవి ఆడించింది. తర్వాత పేడ వేసింది. పేడ వేసినందుకు మా నాయన ఏడ్చాడు.

కర్రోడి తోలు ఖాదర్ మామే తీసుకున్నాడు. తీసుకోకుండా ఎట్లా ఉంటాడు, అది ఆయన బతుకు. "నువ్వే తీసుకో" అని నాయన అటు తిరిగి చెప్పాడు. మర్నాడు బండి పోతుంటే పైన ఉన్న మడత నల్లగా, నిగనిగలాడుతూ కనిపించింది. బతికున్నప్పుడు నేను తోమిన వెంట్రుకలు అవి. మైలోడిని బతికించిన మనిషి మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నాయన మాత్రం గునపం తీసుకొని చేనికి పోయి, ఒక్కొక్క దుబ్బునే వేళ్ళతో సహా పెకలించి కాల్చేశాడు. కొన్ని రోజులు పట్టింది. జేజి, నేను చెప్పలేదా అనే మాట చచ్చేదాకా అనలేదు.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకుకు ఎద్దులు లేవు, ట్రాక్టరు అద్దెకు తెస్తాడు. వాన ఎప్పుడొస్తుందో ఫోను చెబుతుంది, రాకపోతే ఎందుకు రాలేదో కూడా అదే చెబుతుంది. పంట పోయినా చౌకదుకాణంలో బియ్యం దొరుకుతాయి. ఆ రోజుల్లో చేను ఎండితే నేరుగా మా నోరే ఎండేది, నడుమ అడ్డం ఏమీ లేదు. అది పోయినందుకు నేను సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. కానీ వాడు బోరు మీద బోరు వేస్తూ, దుమ్ము లేస్తున్న గొట్టం ముందు నిలబడినప్పుడు ఆ కళ్ళు నేను ఎరిగిన కళ్ళే. పైగా నాకొక జబ్బు మిగిలింది. చిన్న జల్లు పడి, తెల్లారేసరికి బీళ్ళన్నీ పచ్చబడితే, బస్సులో పక్కవాళ్ళు ఎంత బాగుందో చూడండి అంటారు. నేను అటు చూడను. ఎంత వాన పడిందో తెలిసేదాకా పచ్చదనాన్ని నమ్మడం నాకు చేతకాదు.

మరుసటి ఏడాది వానలు కురిశాయి. విత్తే రోజున మా దగ్గర ఒంటెద్దే ఉంది. నాయన ఎవరినీ అడగలేక గొర్రు ముందు పెట్టుకొని కూర్చుంటే, ఖాదర్ మామ తన బండెద్దును తోలుకొచ్చాడు. "ఈ వర్షానికి నాకు యాపారం యాడుండాది బావా, దీన్నన్నా పనికి పెట్టు" అన్నాడు. కర్రోడి స్థానంలో దాన్ని కట్టారు. మైలోడు మొదట కాడి వదిలించుకోవాలని చూసింది, తర్వాత నడిచింది. జొన్న మనిషెత్తు పెరిగింది. పాలుపోసుకుంది, కంకి వంగింది, కోత అయింది. ఇంటి ముందు చొప్పవామి లేచింది. జేజి దాని పక్కన ఎండలో కూర్చొని ఊరికే దాన్ని తడిమేది.

మొదటి కట్ట విప్పి నాయన గాడి దగ్గరికి తీసుకుపోయాడు. ఊళ్ళో అన్ని ఎద్దులూ కొత్తచొప్ప తింటున్నాయి. మైలోడు తాడు బిగిసేదాకా మెడ చాపింది. నాయన వెయ్యలేదు. కట్టను రెండు చేతులా పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు.

"ఎండిన చొప్పరా. దాంట్లో ఏముండదు" అంది జేజి మెత్తగా.

"నాకు తెలీదా అమ్మా" అన్నాడు.

తెలిసినా చేతులు కదల్లేదు. చివరికి కట్టలోంచి ఒక దంటు విరిచి తన నోట్లో పెట్టుకున్నాడు. బాగా నమిలి, మింగగలిగినంత మింగి, పిప్పి ఊసి, గాడి అంచు మీద కూర్చున్నాడు. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కేదాకా కూర్చున్నాడు. తనకేమీ కాలేదని నిశ్చయించుకున్నాక లేచి ఆ కట్టను మైలోడి ముందు వేశాడు. మరునాడు ఇంకో కట్ట విప్పినప్పుడూ అంతే. అమ్మ తిట్టింది, ఊరివాళ్ళు నవ్వారు. ఆ వామి తరిగి నేల కనబడేదాకా, ప్రతి కట్టా ఎద్దు కంటే ముందు మా నాయనే తిన్నాడు.